డబ్బా మీద 95, ముఖం మీద ఎంత? చీమకుర్తి రాతి పనికి వాడి చూసిన మూడు మాస్కులు

చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్లే కర్నూలు రోడ్డు పక్కన మాకు ఒక చిన్న కటింగ్ షెడ్డు ఉంది. ఫ్యాక్టరీల నుంచి తెచ్చిన శ్లాబులను వంటగట్లకు, మెట్లకు, గుమ్మాలకు కొలత ప్రకారం కోసి, అంచులు పాలిష్ చేసి ఇవ్వడం మా పని. బ్లాకును శ్లాబులుగా కోసే పెద్ద మిషన్ల దగ్గర నీళ్లు ధారగా పడుతుంటాయి కనుక దుమ్ము బురదై కిందికి పోతుంది. మా దగ్గర సింకు కోసం రంధ్రం కోసేటప్పుడూ, మూల గుండ్రం చేసేటప్పుడూ చేతి గ్రైండరు చాలాసార్లు పొడిగానే తిరుగుతుంది. అసలు దుమ్మంతా అప్పుడే లేస్తుంది. ఆరుగురు పనివాళ్ల కోసం పోయిన వేసవి నుంచి సంక్రాంతి వరకు మూడు రకాల మాస్కులు కొని వాడించాను, నేనూ వాడాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. పేరున్న సరుకుకే నకిలీలు ఎక్కువ కాబట్టి, పేరు కంటే దాని మీది ముద్ర చదవడం తెలిస్తేనే కొనేవారికి ఉపయోగం.

మొదట కొన్నది ఒంగోలులో ఒక దుకాణంలో, చెవులకు తగిలించుకునే రకం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఎన్95 అని, దాని కింద 99 శాతం రక్షణ అని ఉంది. 95 ఏది, 99 ఏది అని అడిగితే, "అన్నీ ఒకటేనండీ, కంపెనీ తేడా అంతే" అన్నారు. ఇంటికి వచ్చి డబ్బాను నాలుగు వైపులా తిప్పి చూస్తే ఆ 99 బ్యాక్టీరియాను ఆపే శాతమని సన్న అక్షరాల్లో కనిపించింది. ఆ పరీక్ష ఆపరేషన్ థియేటర్లలో వాడే మాస్కులకు చేసేది. అందులో వదిలే తుంపరల సగటు పరిమాణం సుమారు 3 మైక్రాన్లు. ఎన్95 పరీక్షలో వాడేది అంతకన్నా ఎంతో సన్నని ఉప్పు రేణువులు, సుమారు 0.3 మైక్రాన్లవి; వాటిని నిమిషానికి 85 లీటర్ల గాలితో వడపోత పొర గుండా పంపి, 95 శాతమైనా ఆగాయా లేదా అని చూస్తారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన అచ్చువేస్తే కొనేవాడు పెద్ద అంకెనే చూసి మోసపోతాడు. మాస్కు మీద ప్రమాణం సంఖ్య గానీ, ఆమోదం సంఖ్య గానీ, బ్యాచ్ సంఖ్య గానీ ఏదీ లేదు.

దాని గుణం తేల్చింది మాత్రం అద్దమే. ఒక నల్ల శ్లాబులో సింకు రంధ్రం కోసిన తర్వాత మా మేస్త్రి మాస్కు తీస్తే, రెండు కళ్ల కింద ముక్కు పక్క నుంచి బుగ్గ మీదికి వేలెడు వెడల్పున బూడిదరంగు చార ఉంది. మాస్కు లోపలి వైపు కూడా ఆ చార కొనసాగింది. గుడ్డలోంచి దుమ్ము రాలేదు. గుడ్డ పక్క సందులోంచి వచ్చింది. చెవి తాడుకు ముఖానికి అదిమిపట్టే బిగువు లేకపోతే ఆ గుడ్డ 95 శాతం ఆపినా, 99 శాతం ఆపినా ప్రయోజనం శూన్యం. ఆ డబ్బాలో మిగిలినవాటిని ఊడ్చేవాళ్లకు కూడా ఇవ్వలేదు, ఎందుకంటే ఊడ్చేటప్పుడు లేచేది అదే దుమ్ము.

రెండోది ఎఫ్ఎఫ్‌పీ2 రకం. తలకు రెండు పట్టీలు, ముక్కు మీద నొక్కే తీగ, మధ్యలో గాలి వదిలే వాల్వు, మాస్కు మీదనే ఐఎస్ 9473 అని మన దేశపు ప్రమాణం సంఖ్య, ఐఎస్ఐ ముద్ర. ఎఫ్ఎఫ్‌పీ అనే తరగతులు ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 149లోవి, మన ప్రమాణంలోనూ అవే పేర్లు. ఐరోపా లెక్కలో ఎఫ్ఎఫ్‌పీ1 వడపోత 80 శాతం, 2 అయితే 94, 3 అయితే 99. ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఏమిటంటే, మనుషులకు తొడిగి అంచుల నుంచి వచ్చే లీకును కూడా కలిపి కొలుస్తారు. ఎఫ్ఎఫ్‌పీ2కు అది 8 శాతం మించకూడదు. పక్కన ఎన్ఆర్ అని ఉంటే ఒక షిఫ్టుకే, ఆర్ అని ఉంటే మళ్లీ వాడుకోవచ్చు. డీ అనే అక్షరం ఉంటే డోలమైట్ అనే రాతి పొడితో పొర పూడుకుపోయి ఊపిరి బిగుస్తుందా అని చూసే పరీక్ష కూడా నెగ్గిందని అర్థం, రాతి పనివాళ్లు వెతుక్కోవలసిన అక్షరం అదే. అమెరికా తరహా ఎన్95 కొంటే దాన్ని ఆమోదించే అక్కడి సంస్థ నియోష్ పేరు, టీసీ-84ఎ తో మొదలయ్యే సంఖ్య మాస్కు మీదనే అచ్చయి ఉండాలి.

వాల్వు వల్ల లోపలికి వచ్చే గాలి వడపోత తగ్గుతుందని మా వాళ్లలో ఒకరు అనుమానపడ్డారు, కానీ అది బయటికి వదిలే గాలికే తెరుచుకుంటుంది. జలుబు ఉన్నవాడి తుంపరలను ఎదుటివారికి తగలకుండా ఆపదు గానీ, వేసుకున్నవాడిని దుమ్ము నుంచి కాపాడడంలో లోటు లేదు. మే నెల ఎండలో ఆ వాల్వు లేకపోతే పది నిమిషాలు కూడా ఎవరూ ఉంచుకునేవారు కాదు. చెమటకు తడిసిన మాస్కును ఒకతను సబ్బుతో ఉతికి ఆరేశాడు. ఆ పొరలోని దారాలకు ఉండే విద్యుదావేశమే సన్నని రేణువులను లాగి పట్టుకుంటుంది, సబ్బు తగిలితే అది పోతుంది. చూడడానికి శుభ్రంగా ఉన్న ఆ మాస్కును చెత్తలో వేయించడానికి నేను చాలాసేపు వాదించవలసి వచ్చింది.

మూడోది సిలికాన్ హాఫ్ మాస్కు, రెండు వైపులా గులాబీ ఊదా రంగు పీ100 ఫిల్టర్లు. ఫిల్టర్లతో కలిపి మూడు వేలకు దగ్గరగా అయింది. పీ100 అంటే 99.97 శాతం. పీ అక్షరం గాలిలో నూనె తుంపరలు ఉన్నా పనిచేస్తుందని చెబుతుంది, ఎన్ అయితే నూనె లేనిచోటే; మా పనిలో నీళ్లు తప్ప నూనె లేదు కనుక ఆ అక్షరం కోసం డబ్బు పెట్టనక్కర లేదు. మరి దీన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానంటే ముఖానికి అతుక్కునే తీరుకే. ఫిల్టర్లను అరచేతులతో మూసి ఊపిరి లాగితే మాస్కు బుగ్గలకు అంటుకుపోయి అలాగే నిలవాలి. రోజూ ఉదయం అయిదు సెకన్లలో అయిపోయే పరీక్ష ఇది. అయినా, అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో ఎన్95కూ, ఈ హాఫ్ మాస్కుకూ ఇచ్చిన రక్షణ అంకె ఒక్కటే, 10. అంటే సరిగ్గా అతికినప్పుడు బయటి దుమ్ములో పదో వంతు లోపలికి వస్తుందని లెక్కవేసుకోవాలి. అక్కడ ఎనిమిది గంటల పనికి సిలికా దుమ్ము (రాతిలోని క్వార్ట్జ్ నుంచి లేచేది) పరిమితి ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు. పొడి గ్రైండరు దగ్గర దుమ్ము ఆ పరిమితికి ఇరవై రెట్లు ఉంటే, మూడు వేల మాస్కు వేసుకున్నవాడు కూడా రెండు రెట్లు పీలుస్తున్నట్టే. అందుకే ఫిల్టరు అంకె పెంచడం కంటే గ్రైండరుకు నీటి పైపు బిగించడానికే ముందు ఖర్చు పెట్టాను.

కార్తీక మాసంలో ఇంకో చిక్కు వచ్చింది. ఇద్దరు అయ్యప్ప మాల వేసుకున్నారు. నలభై ఒక్క రోజులు గడ్డం తీయరు. గడ్డం మీద ఏ బిగువు మాస్కూ అతకదు. ఈ మాట చెబితే ఒకతను, "స్వామీ, రుమాలు కూడా కట్టుకుంటాను లెండి" అన్నాడు. రుమాలు సంగతి వదిలేసి, వాళ్లిద్దరినీ మాల తీసేదాకా కొలతలకు, లోడింగుకు, తడి పాలిష్‌కు మార్చాను.

చీమకుర్తి నల్ల గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి, అందులో క్వార్ట్జ్ చాలా తక్కువ. "మన నల్లరాయి మంచిది" అని కొందరు మాస్కు మానేయడానికి ఇది కారణం కావచ్చు. కానీ మా షెడ్డులో రోజుకు నాలుగు రకాల రాళ్లు తిరుగుతాయి. రంగు గ్రానైట్లలో క్వార్ట్జ్ దండిగా ఉంటుంది, ఫ్యాక్టరీలో తయారైన క్వార్ట్జ్ శ్లాబుల్లో అంతకన్నా ఎక్కువ. ఈ సిలికా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్‌ను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తప్పక తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది. పగుళ్లు పూడ్చే ఎపాక్సీ వాసన వేరే సంగతి: దాన్ని పై మూడింటిలో ఏదీ ఆపదు, ఆవిరి పీల్చుకునే బొగ్గు గుళిక కావాలి, ఐరోపా సరుకులో దాని గుర్తు గోధుమ రంగు పట్టీ, అమెరికా సరుకులో నలుపు.

లెక్కలు రాసుకునే గదిలో ఎయిర్ ప్యూరిఫైయర్ పెట్టమని సలహా వచ్చింది. హెపా (సన్నని రేణువులను ఆపే ఫిల్టరు) అని మాత్రమే రాసి ఉంటే సరిపోదు, హెచ్13 అని ఉంటే 99.95 శాతం. గంటకు ఎంత గాలి శుద్ధి చేస్తుందో చెప్పే సీఏడీఆర్ అంకె కూడా చూడాలి: మా పది, పన్నెండు అడుగుల గదికి గంటకు 170 ఘనపు మీటర్లు ఉంటే గాలి అయిదుసార్లు తిరుగుతుంది. షెడ్డు వైపు తలుపు మూయకపోతే ఏ అంకె అయినా దండగే.

ఇప్పుడు పొడి కోతకు సిలికాన్ మాస్కులు నాలుగు, మిగతా పనికి ఎఫ్ఎఫ్‌పీ2, అది కూడా షిఫ్టుకు ఒకటి. సిలికాన్ మాస్కు లోపలి వాల్వు రేకుకు వారానికోసారి రాతి పొడి అంటుకుని మూత పడదు. దాన్ని తీసి కడిగి ఆరబెట్టే పని శనివారం సాయంత్రం జీతాల ముందు పెట్టాను, ఎవరూ తప్పించుకోవడం లేదు.