బాత్రూం తెల్ల మరకలకు ఏది మేలు: యాసిడా, హార్పికా, నిమ్మ ఉప్పా?

సంక్రాంతి దగ్గర పడితే చాలు, ఈ ప్రశ్న మళ్ళీ మొదలవుతుంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో టైల్స్ మీద, బకెట్ల అడుగున, కుళాయిల చుట్టూ తెల్లగా గట్టిపడిన పొర సబ్బుతో ఎంత రుద్దినా పోదు. దానికి వీధిలో అమ్మే యాసిడ్ కొనాలా, హార్పిక్ లాంటిది సరిపోతుందా, నిమ్మ ఉప్పుతో నిజంగా పోతుందా అని అడుగుతూనే ఉంటారు.

మూడింటితోనూ పోతుంది. ఆ పొరలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. ఏ ఆమ్లం తగిలినా బుసబుసా పొంగి కరుగుతుంది. వీధి యాసిడ్ ఘాటైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. హార్పిక్‌లోనూ అదే, కాకపోతే 10 శాతం దాకా, కమోడ్ గోడకి అంటుకునేలా చిక్కగా చేసి అమ్ముతారు. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్, నెమ్మది సరుకు. యాసిడ్ నిమిషంలో చేసే పనికి దానికి అరగంట పట్టొచ్చు.

వేగమే కావాలంటే యాసిడ్‌ని మించింది లేదు. నేను మాత్రం ముందు సీసా చూస్తాను. బండి మీద క్యాన్లలో వచ్చే యాసిడ్‌ని మనమే ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ఇచ్చి పోయించుకుంటాం. దాని మీద లేబుల్ ఉండదు, బలమెంతో తెలీదు. కొంచెం వాడి, మిగిలింది బాత్రూం కిటికీలో పెట్టేస్తాం. పండక్కి ఇంటినిండా పిల్లలు, చుట్టాలు. దాహమేసిన మనిషి ఆ సీసా చూసి ఏమనుకుంటాడు? యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చిల్లర అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. కొనేవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి, వివరాలు రాసుకోవాలి, 18 ఏళ్ళలోపు వాళ్ళకు అమ్మకూడదు. మీ వీధి బండి దగ్గర ఆ పుస్తకం ఎప్పుడైనా చూశారా?

ఎవరైనా పొరపాటున తాగితే ఉప్పు నీళ్ళు పట్టించి కక్కించే అలవాటు ఇంకా ఉంది. అది అసలు చేయకూడదు. పైకొచ్చేటప్పుడు ఆమ్లం అన్నవాహికను రెండోసారి కాలుస్తుంది. నోరు కడిగి, 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లేబుల్ ఉన్న సీసా అయితే ఏం తాగారో డాక్టరుకి వెంటనే తెలుస్తుంది.

అందుకే కమోడ్‌కి హార్పిక్, మిగతా బాత్రూంకి నిమ్మ ఉప్పు. నా ఓటు దీనికే. నిమ్మ ఉప్పు కిరాణా కొట్లో దొరుకుతుంది. లీటరు వేడినీళ్ళకి రెండు మూడు పెద్ద చెంచాలు కలిపి, పాత గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట వదిలేయండి. తీశాక పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పొర పెళ్ళలుగా ఊడొస్తుంది. షవర్ ఐతే అదే నీళ్ళు పోసిన ప్లాస్టిక్ కవరు కట్టి వదిలేస్తే సరి. ఏళ్ళ తరబడి పేరుకున్నదైతే ఒక్కసారికి పోదు, మళ్ళీ చేయాలి. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే యాసిడ్ వైపు వెళ్తారు. ఆ యాసిడ్ ఆవిరికి కుళాయిల మెరుపు పోతుంది, యాసిడ్ తగిలితే టైల్స్ మధ్య వైట్ సిమెంటూ కరిగిపోతుంది. నిమ్మ ఉప్పు పొడి చూడ్డానికి పంచదారలా ఉంటుంది కాబట్టి, డబ్బా మీద పేరు రాసి వంట సామాన్లకి దూరంగా పెట్టండి.

వెనిగర్ పనిచేస్తుంది కానీ ఖరీదు, పైగా వాసన. వెనిగర్‌లో వంటసోడా కలిపే చిట్కా వీడియోల్లో చూడ్డానికి బాగుంటుంది, అంతే. రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మరక మీద పనిచేయడానికి ఏమీ మిగలదు. ఫినాయిల్‌కీ ఈ మరకలకీ సంబంధం లేదు.

ఏది వాడినా బ్లీచింగ్ పౌడర్ మాత్రం దగ్గరికి రానివ్వద్దు. హార్పిక్ పోసిన కమోడ్‌లో ‘ఇంకాస్త తెల్లబడుతుంది’ అని బ్లీచింగ్ చల్లితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపేసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. నిమ్మ ఉప్పుతో కలిసినా అంతే. ఒకటి వాడిన రోజు రెండోది వద్దు.

ఇక తాండూరు బండలు, కడప బండలు, మార్బుల్ ఉన్నవాళ్ళకి ఈ మూడూ పనికిరావు. అవి సున్నపురాయి జాతివి. మరకతో పాటు రాయి పైపొర కూడా పోయి మచ్చ పడుతుంది. వాటికి సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్, నీళ్ళు పడగానే తుడిచేసే అలవాటు ఉంటే చాలు.