చైనాలో మా వెల్డింగ్ చూసిన థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్: ఏజెన్సీ ఒకటే, మనుషులు వేరు

పటాన్‌చెరులో మా కంపెనీ ఫార్మా ప్లాంట్లకు ప్రెషర్ వెసెల్స్, హీట్ ఎక్స్‌ఛేంజర్లు ఇస్తుంది. కొన్ని పెద్ద స్టెయిన్‌లెస్ వెసెల్స్ చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించి తెప్పిస్తాం. అక్కడ మా తరఫున వెల్డింగ్ చూడ్డానికి ఒక పేరున్న ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీని పెట్టుకున్నాం. ఆ పేరు ఇక్కడ రాయను. ఇలాంటి సర్వీసుకు డబ్బు పెట్టబోయేవాళ్ళు ఏం అడగాలో తెలియడానికి ఇది చాలు.

ఆ షాపుకు ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంస్థ) కోడ్ ప్రకారం ప్రెషర్ వెసెల్స్ చేయొచ్చనే గుర్తింపు, అంటే యూ స్టాంపు ఉంది. "స్టాంపు ఉందిగా, మళ్ళీ ఇన్‌స్పెక్షన్ ఖర్చెందుకు సార్?" అని మా పర్చేజ్ వాళ్ళు మొదట్లోనే అడ్డం పడ్డారు. స్టాంపు ఉన్నచోట ఆథరైజ్డ్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, నిజమే. కానీ ఆయన పని కోడ్ వరకే. లోపలి వెల్డులు ఎంత నున్నగా ఉండాలి, కార్బన్ స్టీల్ మీద వాడిన గ్రైండింగ్ వీల్ స్టెయిన్‌లెస్ మీద పెట్టకూడదు లాంటి మన సొంత షరతులు ఆయనకు పట్టవు. వాటి కోసం మన మనిషి ఉండాల్సిందే.

ఏజెన్సీ మొదట పంపిన ఇన్‌స్పెక్టర్ ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి, లావుపాటి రిపోర్టు ఇచ్చి వెళ్ళాడు. ఫోటోలు బాగున్నాయి. వెల్డర్ సర్టిఫికెట్లు "పరిశీలించాం, ఓకే" అని రాశాడు. నేను కాఫీ పక్కన పెట్టుకుని ఆ సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిప్పాను. ఒక వెల్డర్ టెస్ట్ కూపన్‌లో, అంటే పరీక్ష కోసం వెల్డు వేసే ముక్కలో వేసిన వెల్డు మందం 6 మి.మీ. వెల్డర్ల అర్హత గురించి చెప్పే ఏఎస్ఎంఈ కోడ్ సెక్షన్ 9 లెక్కన అతను దానికి రెట్టింపు, అంటే 12 మి.మీ. వరకే వెల్డు వేయొచ్చు. మా షెల్ 16 మి.మీ. అదే కూపన్‌లో కనీసం మూడు లేయర్లతో 13 మి.మీ. వేసి పాసై ఉంటే ఏ మందమైనా వేయొచ్చు. ఇది టేబుల్ తెరిచి చూస్తే నిమిషంలో తేలే విషయం.

ఇంకోటి, ఏఎస్ఎంఈ వెల్డర్ సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉండదు. ఆ ప్రాసెస్‌లో 6 నెలలపాటు వెల్డింగ్ చేయకపోతే క్వాలిఫికేషన్ పోతుంది. అందుకే ఎవరు ఎప్పుడు ఏ ప్రాసెస్‌లో వెల్డింగ్ చేశారో రాసే కంటిన్యుయిటీ లాగ్ అడగాలి. రిపోర్టులో అది లేదు. అడిగితే మర్నాడే పంపారు. రెండేళ్ళ ఎంట్రీలు, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలు అక్షరాలతో, ఒక్కసారే కూర్చుని రాసినట్టు ఉన్నాయి. (యూరప్‌కి వెళ్ళే సామానైతే వెల్డర్ టెస్టుల ప్రమాణం ఐఎస్‌ఓ 9606-1 కింద ఆరు నెలలకోసారి సంతకం సర్టిఫికెట్ మీదే ఉండాలి. ఏజెన్సీ చెక్‌లిస్టులో ఈ రెండింటికీ తేడానే లేదు.)

గట్టిగా మెయిల్ పెడితే మనిషిని మార్చారు. రెండో ఆయన షిప్‌యార్డులో చేసి వచ్చినవాడు. ఆయన వచ్చాకే మేం కట్టిన డబ్బుకు అర్థం కనిపించింది.

ఫైనల్ దాకా ఆగకుండా ప్లేట్ కటింగ్ అప్పుడే వచ్చాడు. పాత సర్టిఫికెట్లు పక్కనబెట్టి, మా పని చేయబోయే వెల్డర్లందరికీ తన ముందే టెస్ట్ పెట్టించాడు. ఐడీ కార్డు ఫోటోతో మొహం పోల్చాడు, కూపన్ మీద తనే పంచ్ కొట్టాడు, బెండ్ టెస్ట్ దగ్గర నిలబడ్డాడు. జాబితాలో ఉన్న కొందరు రూట్ పాస్ (జాయింట్ అడుగున వేసే మొదటి వరస) దగ్గరే ఆగిపోయారు. షాపువాళ్ళు ముఖం మాడ్చుకున్నారు గానీ కాదనలేకపోయారు, పీఓలో (కొనుగోలు ఆర్డర్‌లో) అది హోల్డ్ పాయింట్, మన మనిషి సరే అనేదాకా పని ముందుకు కదలకూడదు.

చెప్పకుండా నైట్ షిఫ్ట్‌కి కూడా వెళ్ళాడు. ఏ జాయింట్ ఎవరు వేశారో చూపే వెల్డ్ మ్యాప్‌లో పగటి వెల్డర్ల నంబర్లు, జాయింట్ దగ్గర వెల్డింగ్ టార్చ్ పట్టుకుని వేరేవాళ్ళు. టాక్‌లు (ముక్కలు కదలకుండా ముందు వేసే చిన్న వెల్డులు) ఫిట్టర్లే వేసేస్తున్నారు. వెల్డులో కలిసిపోయే టాక్ కూడా క్వాలిఫై అయిన వెల్డరే వేయాలని ప్రెషర్ వెసెల్స్ గురించిన ఏఎస్ఎంఈ సెక్షన్ 8లో స్పష్టంగా ఉంది.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది రేడియోగ్రఫీ (వెల్డు లోపల చూసే ఎక్స్‌రే లాంటిది) ఫోటో. రెండు వేర్వేరు జాయింట్ల ఫిల్ములు వ్యూయర్ మీద పక్కపక్కన పెట్టి తీసి పంపాడు. రెండింట్లోనూ ఒకే చోట ఒకే ఆకారంలో తెల్లటి టంగ్‌స్టన్ చుక్క, దాని కింద రెండు చిన్న పోర్లు (గాలి బుడగల రంధ్రాలు). జాయింట్ నంబర్లు మాత్రం వేరు. ఒకే జాయింట్‌ని రెండుసార్లు షూట్ చేసి నంబర్ మార్చేశారన్నమాట. ఆయన ఎదుట రెండూ మళ్ళీ తీయిస్తే, అసలు తీయని జాయింట్‌లో రూట్ దగ్గర ఫ్యూజన్ లేదు, అంటే లోహం కరిగి అతుక్కోలేదు. ఆ వెల్డును తొలిచేసి (గోజ్ చేసి) తిరిగి వేయించాం. అది ప్లాంటులో ఆవిరి ఎక్కాక బయటపడి ఉంటే? ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

చైనా కాబట్టి ఇలా అనుకోకండి. నేను ఆర్సీపురం చుట్టుపక్కల షాపుల్లో పని నేర్చుకున్నవాణ్ణి, మన దగ్గరా ఇవన్నీ చూశాను. తనిఖీకి మనుషుల్ని పెట్టుకోగల పెద్ద కొనుగోలుదారులకూ తప్పలేదు. 2013లో తెరిచిన శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి తూర్పు భాగంలోని సస్పెన్షన్ వంతెన టవర్, డెక్ స్టీలు షాంఘై దగ్గర చాంగ్‌షింగ్ దీవిలో తయారైంది. వెల్డుల్లో పగుళ్ళ గొడవ 2014లో కాలిఫోర్నియా సెనేట్ విచారణ దాకా పోయింది.

ఏజెన్సీ లోపాలు కూడా చెప్పాలి. రిపోర్టు 24 గంటల్లో అన్నారు, వారాంతం వస్తే సోమవారం దాకా అతీగతీ ఉండదు. ప్రయాణ సమయాన్ని కూడా పనిగంటల కింద బిల్లు వేస్తారు, కొటేషన్‌లో ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది. చైనీస్ రికార్డుల్ని ఫోటో తీసి పంపడమే తప్ప, అందులో ఏముందో అడిగితేగానీ చెప్పరు.

మార్కులంటారా, మొదటి ఆయనకు ఐదుకి ఒకటి, రెండో ఆయనకు నాలుగున్నర. ఏజెన్సీకి మూడు, అదీ మెయిల్ పెట్టగానే మనిషిని మార్చినందుకు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ ఒక్కటే కొనాలనుకుంటే మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోండి. అదే డబ్బుతో వెల్డర్ టెస్ట్ రోజునా, మధ్యలో చెప్పకుండా ఒకట్రెండు సార్లూ మనిషిని పంపండి.

కొత్త ఆర్డర్‌కి వీళ్ళతోనే మాట్లాడుతున్నాం. రెండో ఆయన పేరు, సీవీ ఒప్పందంలో రాయడానికి ఒప్పుకున్నారు. ఆయన సెలవులో ఉంటే ఎవరొస్తారో మాత్రం ఇంకా రాసివ్వలేదు. అది వచ్చేదాకా పీఓ నా టేబుల్ మీదే ఉంటుంది.