నెల్లూరు నుంచి ఒక్క రోజు: ఉదయగిరా, భైరవకోనా, కాళహస్తి దారా?

నెల్లూరులో చీకటితో బయలుదేరి, చరిత్ర కలిగిన చోటొకటి తృప్తిగా చూసి, రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరాలనుకునేవారికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఆత్మకూరు మీదుగా పడమటికి పోతే సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉదయగిరి దుర్గం ఉంది. అదే దారిలో ఇంకా ముందుకు, సీతారామపురం దాటి వెళితే సి.ఎస్.పురం మండలంలోని భైరవకోన గుహాలయాలు వస్తాయి. గూడూరు, నాయుడుపేటల మీదుగా దక్షిణానికి తిరిగితే శ్రీకాళహస్తి, దానికి కొద్ది దూరంలోనే గుడిమల్లం ఉన్నాయి. ట్రావెల్స్ వారు ఈ మూడింటికీ మనుషులను తీసుకుపోతామంటారు, "గైడు కూడా ఉంటాడు" అని చెబుతారు. ఏ దారి మేలన్న ప్రశ్న కంటే ముందు తేల్చుకోవలసింది ఆ గైడు సంగతే.

మన ప్రాంతంలో గైడు అనే మాట కింద ముగ్గురు వేరువేరు మనుషులు చెలామణి అవుతున్నారు. మొదటివాడు బస్సులో తలకాయలు లెక్కపెట్టి, టిఫిను ఎక్కడో, తిరిగి ఎన్ని గంటలకు ఎక్కాలో చెప్పే ట్రావెల్స్ మనిషి. రెండోవాడు ఆ ఊరిలోనే పుట్టి పెరిగి, కొండదారి పాదాలకు అలవాటైనవాడు. మూడోవాడు గుడిలో అర్చకుడు. అడిగితే చెబుతాడు, అడగకపోతే తన పని తాను చేసుకుంటాడు. ఈ ముగ్గురిలో ఎవరి అవసరం ఎంత అన్నది వెళ్ళే చోటును బట్టి మారుతుంది కనుక, టికెట్టు ధరలో "గైడు సహా" అన్న రెండు మాటలను చూసి మురిసిపోవడం తెలివైన పని కాదు. నేను ఒకసారి అలాగే మురిసిపోయాను. ఒకే రోజులో ఏ.ఎస్.పేట దర్గా, ఉదయగిరి కోట, భైరవకోన మూడూ చూపిస్తామన్న ఒక ట్రావెల్స్ బస్సు ఎక్కితే, ఉదయగిరిలో మాకు దక్కింది నలభై నిమిషాలు. కొండ కింద రోడ్డు పక్కన నిలబెట్టి, పైన గీతలా కనబడుతున్న గోడను వేలితో చూపించి, "అదే కోట" అన్నారు. భైరవకోన చేరేసరికి గుహల ముందు నీడలు పరుచుకున్నాయి. ఇల్లు చేరి లెక్క వేసుకుంటే, సీట్లో కూర్చున్న గంటలు నేల మీద నిలబడ్డ గంటలకు నాలుగింతలు తేలాయి.

అందుచేత ఉదయగిరిని ఆ రోజుకు ఏకైక గమ్యంగా పెట్టుకున్నవారికే అది తనను తాను చూపిస్తుందని నా అభిప్రాయం. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల మీద సాగించిన దండయాత్రలో మొదటి మజిలీ ఈ దుర్గమే. 1513లో ముట్టడి మొదలుపెట్టి, సుమారు ఏడాదిన్నర పాటు కొండ చుట్టూ దండు విడిసి, 1514లో గాని దీనిని పట్టుకోలేకపోయాడు. లోపల కోటను కాచినవాడు ప్రతాపరుద్ర గజపతికి పినతండ్రి వరసైన తిరుమల రాహుత్తరాయడు. కొండ ఎక్కడం మొదలుపెట్టిన అరగంటకే, అంతటి చక్రవర్తికి అంత కాలం ఎందుకు పట్టిందో మన మోకాళ్ళకు తెలిసివస్తుంది. దుర్గం మొత్తం పదమూడు కోటల సమూహమనీ, వాటిలో ఎనిమిది కొండ మీద, ఐదు కింద ఉండేవనీ పాత జిల్లా గెజిటీర్ చెబుతున్నది. ఎత్తు మూడు వేల అడుగులకు పైమాట.

కోట గెలిచిన రాయలు ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, దాని కోసమే అక్కడ గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. హంపీలో కృష్ణాలయం అని ఇవాళ మనం చూసేది అదే. ఆ విగ్రహం మాత్రం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే ఉదయగిరి కథలో ఒక ముక్క హంపీలో, ఒక ముక్క చెన్నైలో, మిగిలింది మన కొండ మీద ఉన్నాయన్న మాట. తరువాత గోల్కొండ సుల్తానుల కాలంలో వచ్చిన చిన్న మసీదు, పెద్ద మసీదు పైన ఉన్నాయి. కింద ఊరి వైపు రంగనాయకుల గుడి శిథిలమైనా, స్తంభాల మీద చెక్కడపు పని ఇంకా చూడదగినట్టే ఉంది. ఈ చోట్ల వివరం చెప్పే బోర్డులు చాలవు. ఏ గోడ ఏ కాలానిదో, ఏ దారి పైకి పోతుందో, ఏది చెట్లలో కలిసిపోతుందో చెప్పే మనిషి లేకుండా వెళితే రాళ్ళు, ముళ్ళకంప తప్ప ఏమీ కనబడవు. గైడుకు ఇచ్చే ప్రతి రూపాయీ గిట్టుబాటయ్యే చోటు మూడింటిలో ఇదొక్కటే. అయితే ఆ గైడు రెండో రకం మనిషి కావాలి, ఊరివాడు కావాలి.

రెండోసారి వెళ్ళినప్పుడు నాకు అలాంటి మనిషి దొరికాడు. ఎక్కడానికి రెండు గంటలకు పైగా పట్టింది. మా వెంట వచ్చిన కుర్రవాడొకడు రబ్బరు చెప్పులతో ఉండటం చూసి ఆయన, "ఎక్కేదానికన్నా దిగేదే కష్టం సామీ, ఈ చెప్పుల్తో వద్దు" అని వాడిని కిందనే ఆపేశాడు. దిగేటప్పుడు అరిగి నున్నబడ్డ మెట్ల మీద బూట్లున్న మేమే జారుతుంటే, ఆ మాట విలువ తెలిసింది. కింద ఊరిలో ఉదయగిరి చెక్క గరిటెలు చేసే ఇంటికి కూడా ఆయనే తీసుకుపోయాడు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిని ఇక్కడ తరతరాలుగా చేస్తున్నారు. నర్ది, బిక్కి వంటి స్థానిక చెట్ల చెక్కను మొదట కత్తితో మోటుగా చెక్కి, తరువాత ఆకురాయితో అరగదీసి, వేలంత చెంచా కాడ చివర ఆకులు, పక్షుల బొమ్మలు దించుతారు. ఒక పెద్దామె చెంచాను బుగ్గకు ఆనించి నునుపు చూసుకుని, ఇంకా గరుకుందని మళ్ళీ అరగదీయడం నేను చూశాను. నలభై నిమిషాల బస్సులో ఇది దొరకదు.

భైరవకోన సంగతి వేరు. ఇక్కడ ఎక్కే శ్రమ లేదు, శిథిలాల్లో వెతుక్కునే పని లేదు. ఒకే కొండరాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు వాగు పక్కన వరసగా ఉన్నాయి. ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా. పల్లవ శైలి పనిగా, సుమారు క్రీస్తు శకం ఏడో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం మధ్యవిగా వీటిని లెక్కిస్తారు. కొన్ని గుహల ముఖభాగం సాదాగా ఉంటే, మరికొన్నింటిలో స్తంభాల మొదట్లో సింహాలు కూర్చుని ఉంటాయి. మహాబలిపురం చూసినవారు ఆ సింహాలను వెంటనే గుర్తుపడతారు. ద్వారపాలకులు నిలుచునే తీరు గుహ గుహకూ ఎలా మారుతున్నదో వరసగా చూసుకుంటూ పోతే, శిల్పుల చెయ్యి తిరుగుతున్న క్రమం ఎవరూ చెప్పకుండానే కొంత అర్థమవుతుంది. కనుక ఇక్కడ గైడు లేకపోయినా పెద్ద నష్టం లేదు. తీరిక లేకపోతే మాత్రం చాలా నష్టం. వెలుతురు ముఖ్యం. తూర్పు ముఖపు గుహలు కనుక పొద్దుటి ఎండ శిల్పాల మీద పడుతుంది. మధ్యాహ్నం మూడు దాటితే లోపల టార్చి వేసుకోవలసిందే. పక్కనే జలపాతం, త్రిముఖ దుర్గ ఉన్నాయి. కార్తీక పౌర్ణమినాడు చంద్రకిరణాలు దుర్గాంబ మీద పడతాయని ప్రతీతి కనుక ఆ రోజుల్లో జనం విపరీతంగా వస్తారు. శిల్పం చూడటానికి వెళ్ళేవారు ఆ నెల సెలవు దినాలను తప్పించుకోవడం మంచిది.

దూరమే దీనితో చిక్కు. ఉదయగిరి దాటాక ఇంకా గంటకు పైగా ప్రయాణం ఉంటుంది. నెల్లూరులో తెల్లవారుజామున నాలుగున్నరకు కదిలితే పొద్దుటి వెలుతురు అందుతుంది. ఏడున్నరకు టిఫిను చేసి తీరుబడిగా బయలుదేరే కుటుంబాలకు అందదు. ఉదయగిరిని, దీనిని కలిపి ఒకే రోజులో పెట్టే ఏర్పాటు దేనినైనా నేను అనుమానంగానే చూస్తాను. కోటను కింద నుంచి చూసి సరిపెట్టుకుంటామని ముందే ఒప్పుకున్నవారికైతే అభ్యంతరం లేదు.

మూడోది కాళహస్తి దారి. రోడ్డు మంచిది, దారిలో భోజనానికి లోటు లేదు, ఆడవాళ్ళకు, పెద్దవాళ్ళకు సౌకర్యం ఎక్కువ. కాని కాళహస్తికి పోయేది చాలామందికి రాహుకేతు పూజ కోసమే గాని చరిత్ర కోసం కాదు. క్యూలో గంటలు గడిచిపోతాయి. గైడు ఉన్నా క్యూ తగ్గదు. చరిత్ర కోసం వెళ్ళేవారు మాత్రం రాజగోపురం ముందు కాసేపు ఆగాలి. ఉదయగిరి గెలిచిన రెండేళ్ళకు, 1516లో, రాయలు కట్టించిన గోపురం 2010 మే నెలలో కూలిపోయింది. ఇప్పుడు కనబడేది దాని స్థానంలో లేచిన కొత్తది, 2017లో కుంభాభిషేకం జరిగినది. ఈ సంగతి తెలియక అయిదు వందల ఏళ్ళ నాటి రాళ్ళని ఫోటోలు తీసుకునేవారిని నేనెరుగుదును.

ఈ దారికి అసలు విలువ తెచ్చేది గుడిమల్లం. అక్కడి పరశురామేశ్వరుని లింగం సాధారణంగా క్రీస్తు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదిగా చెప్పబడుతున్నది. సుమారు అయిదడుగుల లింగం మీదనే, యక్షుని భుజాలపై నిలబడిన శివుడు గండ్రగొడ్డలి పట్టుకుని కనబడతాడు. గర్భగుడి గజపృష్ఠాకారం, అంటే వెనుక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, నేల మట్టానికి దిగువ. ఇక్కడ మూడో రకం గైడు, అంటే అర్చకుడు, చాలును. అయితే మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటే చేసేదేమీ లేదు కనుక, పొద్దున్నే ముందు గుడిమల్లం చూసి, తిరుగు దారిలో కాళహస్తికి రావడం మేలు. ట్రావెల్స్ వారు సరిగ్గా దీనికి తలకిందులుగా నడిపిస్తారు. చాలామంది గుడిమల్లాన్ని అసలు తమ పట్టీలో చేర్చనే చేర్చరు.

ఒంగోలు నుంచి బయలుదేరేవారికి ఈ లెక్కలన్నీ మారతాయి. వారికి అద్దంకి, మోటుపల్లి దగ్గర. సేనాని పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ ఛందస్సులోని పద్యం, రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి రాజధాని, సముద్రవ్యాపారులకు కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం, ఇవన్నీ ఆ వైపు చరిత్రకు చెందినవి. కాని అది వేరే వ్యాసమవుతుంది.

ఇక ప్రయాణ సాధనం విషయం. ట్రావెల్స్ బస్సు చవక, నిజమే. కాని వేళ వారిది, మజిలీలు వారివి. ఆర్టీసీ బస్సులో ఉదయగిరి వెళ్ళి రావచ్చు. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళకు అంతకంటే మంచి ఏర్పాటు లేదు. భైరవకోనకు మాత్రం సొంత వాహనమో, బాడుగ కారో తప్పదు. నలుగురైదుగురు కలిసి కారు బాడుగకు మాట్లాడుకుంటే, తలకు పడే ఖర్చు బస్సు టికెట్టుకు మరీ దూరంగా ఉండదు. అయితే కిలోమీటరుకు ఎంత, కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు, డ్రైవరు బత్తా, టోలు ఎవరివి, కొండ దగ్గర ఆరు గంటలు ఆపితే వెయిటింగు ఉంటుందా అన్న నాలుగు మాటలు ముందే తేల్చుకోవాలి. నేను చివరి మాట అడగడం ఒకసారి మరిచి, తిరిగి వచ్చాక ఇంటి ముందు పావుగంట వాదించవలసి వచ్చింది.

నన్నెవరైనా అడిగితే, కాళ్ళలో సత్తువ ఉన్నవారిని డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఉండే చల్లని రోజుల్లో కారులో ఉదయగిరి పంపిస్తాను. ఊరి మనిషిని తోడు తీసుకుని, ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్ళు పట్టుకుని పొద్దున ఎనిమిది లోపల కొండ మొదలుపెట్టమంటాను. ఎక్కలేకపోయినా శిల్పం మీద ఇష్టమున్నవారికి భైరవకోన చెబుతాను, గైడు డబ్బు మిగుల్చుకుని తెల్లవారుజామున ఒక గంట నిద్ర వదులుకోమంటాను. దర్శనం, చరిత్ర రెండూ కావాలన్నవారికి కాళహస్తి దారి, గుడిమల్లం ముందు. ఎండాకాలంలోనైతే మూడింటిలో ఏదీ చెప్పను. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్ళాలనుకునేవారు అంత దూరం పోనక్కరలేదు; పెన్న ఒడ్డునే రంగనాయకుల గుడి, నరసింహకొండ, జొన్నవాడ కామాక్షమ్మ ఉన్నాయి. పొద్దున ఆరింటికి బయలుదేరితే ఎండ ముదిరేలోగా మూడూ చూసి ఇల్లు చేరవచ్చు.