బ్రౌన్ కేసు వెనక అమ్మానాన్నల ఊళ్లు: ఫార్మ్‌విల్, సమ్మర్టన్, టొపీకా

చేతిలో ఒక్కరోజే ఉంటే వర్జీనియాలోని ఫార్మ్‌విల్ చూడండి. మూడు రోజులుంటే దక్షిణ కెరొలైనాలోని సమ్మర్టన్ కూడా కలుపుకోండి. కాన్సస్‌లోని టొపీకా పేరు అందరికీ తెలిసిందే, సదుపాయాలూ అక్కడే ఎక్కువ. బడుల్లో నల్లపిల్లల్ని వేరుపెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో 1954 మే 17న తేల్చిన రోజున దాని ముందున్నది ఒక్క టొపీకా కేసే కాదు. దక్షిణ కెరొలైనా, వర్జీనియా, డెలావేర్, వాషింగ్టన్ డీసీ కలిపి మొత్తం ఐదు. వీటిలో పిల్లల కోసం సంతకం పెట్టి ఉద్యోగం, అప్పు పుట్టే దారి, ఊరు అన్నీ పోగొట్టుకున్న తల్లిదండ్రుల కథ సమ్మర్టన్‌లో ఉంది. చూపించడానికి ఏర్పాట్లు అతి తక్కువగా ఉన్నదీ అక్కడే.

టొపీకా సంగతి ముందు తేల్చేద్దాం. కాన్సస్ సిటీ నుంచి ఐ-70 మీద గంట. ఆ దారిలోని టర్న్‌పైక్ (టోల్ రోడ్డు)లో ఇప్పుడు టోల్ బూత్‌లు లేవు, నంబర్ ప్లేట్‌ను బట్టి బిల్లు వస్తుంది. అద్దె కారైతే ఆ బిల్లుకు అద్దె కంపెనీ రుసుం కూడా కలుస్తుంది కాబట్టి ముందే అడిగి పెట్టుకోవాలి. ఒకప్పటి నల్లపిల్లల బడి మన్రో స్కూల్ ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కు. ప్రవేశం ఉచితం. ఆది, సోమవారాలు మూసి ఉంటుంది, వారాంతపు ప్రయాణాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రెండు గంటలు చాలు. లోపల ఒక ఇరుకు నడవలో ఇరుపక్కల తెరల మీద అరుస్తున్న గుంపులు కనిపిస్తాయి. చిన్నపిల్లలు జడుసుకుంటారు, ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇక్కడ కేసు వేసిన తల్లిదండ్రులు 13 మంది, వారిలో 12 మంది ఆడవాళ్లే. నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. స్థానిక శాఖ కార్యదర్శి లూసిండా టాడ్ ముందుగా ముందుకొచ్చిన తల్లి. 1950లో ఒక్కొక్కరూ దగ్గర్లోని తెల్లవాళ్ల బడికి బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లి, చేర్చుకోమని అడిగి, కాదనిపించుకుని ఆ సంగతి సంఘానికి చెప్పాలి. అదీ పథకం. రైల్వే వర్క్‌షాపులో వెల్డర్ ఆలివర్ బ్రౌన్ పేరు అక్షరక్రమంలో ముందొచ్చింది కాబట్టే కేసుకు ఆ పేరు పడిందని చాలామంది చెబుతారు గానీ, జాబితాలో డార్లీన్ బ్రౌన్ అనే తల్లి కూడా ఉంది. అక్షరక్రమమే అయితే ముందు ఆమె పేరు రావాలి. ఆయన కూతురు లిండాను కాదన్న సమ్నర్ బడి మూతపడింది, బయటి నుంచే చూడాలి. బస చేయాలనుకుంటే డౌన్‌టౌన్‌లో సైరస్ హోటల్ ఉంది. దగ్గర్లోని కాపిటల్ భవనం (రాష్ట్ర శాసనసభ)లో ఈ కేసు కుడ్యచిత్రం ఉంది, చూసి వెళ్లొచ్చు.

ఫార్మ్‌విల్ రిచ్‌మండ్ నుంచి గంటంబావు. రిచ్‌మండ్ శివారు గ్లెన్ అలెన్ వైపు ఉండే మనవాళ్లకు పొద్దున భోంచేసి బయలుదేరితే సరిపోతుంది, ఎందుకంటే మోటన్ మ్యూజియం మధ్యాహ్నం 12 నుంచి 4 వరకే తెరుస్తారు (వేళలు మారుతుంటాయి, వెళ్లే రోజు చూసుకోండి). ఇదీ ఉచితమే. ఈ మ్యూజియం ఒకప్పటి నల్లపిల్లల హైస్కూలే. 180 మంది కోసం 1939లో కట్టిన ఆ బడిలో 450 మందికి పైగా చదివేవారు. మిగిలినవాళ్లకు తారు కాగితం కప్పిన షెడ్లే తరగతులు. 1951 ఏప్రిల్ 23న పదహారేళ్ల బార్బరా జాన్స్ నడిపిన సమ్మె మొదలైన ఆడిటోరియంలోనే సందర్శన మొదలవుతుంది. పిల్లలు కొత్త బడి అడిగారు. ఎన్.ఏ.ఏ.సి.పి. లాయర్లు మాత్రం వేరుపెట్టే పద్ధతి మీదే కేసు వేస్తామని, దానికి తల్లిదండ్రులు ఒప్పుకోవాలని షరతు పెట్టారు. ఆ ఒప్పుదల పాస్టర్ ఫ్రాన్సిస్ గ్రిఫిన్ నడిపిన ఫస్ట్ బాప్టిస్ట్ చర్చిలో దొరికింది. మెయిన్ స్ట్రీట్‌లో ఉన్న ఆ చర్చిని కూడా చూసి రండి.

మ్యూజియంలో హడావుడిగా దాటేయకూడని భాగం 1959 తర్వాతది. తెల్లపిల్లలతో కలిపి చదివించమన్నందుకు కౌంటీ 1964 వరకు ప్రభుత్వ బడుల్నే మూసేసింది. తెల్లవాళ్లకు ప్రైవేటు అకాడమీ వచ్చింది. నల్లజాతి తల్లిదండ్రులు కొందరు పిల్లల్ని పక్క కౌంటీలకో, దూరపు చుట్టాల ఇళ్లకో పంపారు. పంపలేనివాళ్ల బిడ్డలకు చదువే పోయింది. 1964లో సుప్రీంకోర్టు బడులు తెరవమన్న కేసు గ్రిఫిన్ పేరు మీదే ఉంది. బసకు హోటల్ వేయనోక్ బాగుంటుంది, కానీ లాంగ్‌వుడ్ యూనివర్సిటీ స్నాతకోత్సవం వారాంతాల్లో ఊరంతా గదులు దొరకవు.

అక్కడి నుంచి సమ్మర్టన్ అయిదారు గంటల దూరం. ఒకే రోజులో రెండూ పెట్టుకోకండి. ఐ-95 ఎగ్జిట్ 108 దగ్గర దిగాలి. 2022 చట్టంతో ఇక్కడి బడుల్ని కూడా టొపీకా పార్కు పరిధిలోకి తెచ్చారు గానీ, మన్రోలో ఉన్న ఏర్పాట్లు ఇక్కడ ఆశించొద్దు. రోడ్డు పక్క ఫలకాలే మీ గైడ్లు. అప్పట్లో తెల్లవాళ్లకు 30 బస్సులున్న ఈ కౌంటీలో నల్లపిల్లలకు ఒక్కటీ ఉండేది కాదు. ఆనకట్టతో మేరియన్ సరస్సు నీళ్లు పొంగినప్పుడు కొందరు పడవ వేసుకుని బడికి వెళ్లేవారు. రైతు లీవై పియర్సన్ బస్సు కోసం కేసు వేస్తే, నీ పొలం పన్ను పక్క బడి పరిధిలో పడుతోందని కొట్టేశారు. తర్వాత సమానమైన బడి కావాలన్న అర్జీ మీద హ్యారీ బ్రిగ్స్ సంతకం పెట్టాడు. పెట్రోల్ బంకులో ఆయన ఉద్యోగం క్రిస్మస్ ముందురోజు పోయింది. పేరు తీసేయమంటే ఒప్పుకోని భార్య ఎలైజా మోటెల్‌లో పని పోగొట్టుకుంది. అందర్నీ కూడగట్టిన పాస్టర్ డిలేన్ ఇల్లు 1951లో తగలబడితే, ఊరి హద్దు బయట ఉందని ఫైరింజను వాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఈ నలుగురికీ చనిపోయాక అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం ప్రకటించింది.

గదులు శాంటీ (ఎగ్జిట్ 98)లోనో, మానింగ్ (ఎగ్జిట్ 119)లోనో హైవే మోటెళ్లే దిక్కు. శాకాహారులకు ఇబ్బందే, పులిహోర కట్టుకెళ్లండి. అర్జీదారుల సమావేశాలు జరిగిన లిబర్టీ హిల్ చర్చి ఊరి బయట ఉంది. ఆ సంఘ సభ్యులు 19 మంది కేసులో ఉన్నారని ఫలకం చెబుతుంది. ఆదివారం ప్రార్థన జరుగుతుంటుంది కాబట్టి ఫోటోలకు శనివారం వెళ్లండి.