మూలన బొమ్మా, వేరే సైటా, ఉన్నదాన్నే బాగుచేయడమా?

బరంపురం పెద్ద బజారులో ఒక పట్టుచీరల కొట్టుకు వెబ్‌సైటు పని చూస్తుంటాను. వాళ్ళది దేవాంగుల కుటుంబం. ఇంట్లో తెలుగు, బేరం దగ్గర ఒడియా, బిల్లు మీద ఇంగ్లీషు. మా ఊళ్ళో ఇది మామూలే. పోయిన మాఘంలో మా చిన్నాన్న తన కూతురి పెళ్ళికి చీరలు చూస్తానంటే ఈ సైటే తెరిచి ఫోను చేతికిచ్చాను. గ్లకోమాతో ఆయనకు చూపు పోయి ఆరేళ్ళయింది. టాక్‌బ్యాక్ పెట్టుకుని ఫోను వాడతారు. తెర మీద వేలు కుడివైపుకు తోస్తే తర్వాత ఏముందో ఫోను పైకి చెబుతుంది. రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది.

ఆయన తోశారు. "ఇమేజ్" అంది ఫోను. మళ్ళీ తోశారు. "బటన్." మళ్ళీ. "ఐఎంజీ 2047, ఇమేజ్." "బటన్." "బటన్." పదిహేడుసార్లు తోసి ఆగారు. "ఒరేయ్, ఇందులో చీరలున్నాయా?" అని అడిగారు. ఆ పేజీలో ముప్ఫై రెండు చీరలున్నాయి.

మర్నాడు షావుకారు గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన చాలా బాధపడ్డారు. "మన కొట్టుకొచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడిపోతే ఎలా బాబూ? ఏం చేస్తే మేలో చెప్పు" అన్నారు. ఆయన ముందు పెట్టడానికి నా దగ్గర మూడు దారులున్నాయి.

మొదటిది అన్నిటికన్నా సులువుగా కనబడేది. సైటు మూలన చక్రాల కుర్చీ బొమ్మో, చేతులు చాచిన మనిషి బొమ్మో ఒకటి పెడతారు. నొక్కితే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు. విడ్జెట్ అనే ఈ బొమ్మను అమ్మే కంపెనీలు కోడ్‌లో ఒక్క లైను చేర్చమంటాయి, ఏటా డబ్బు కట్టమంటాయి. ఒక్క లైనుతో సైటు అందరికీ అందుతుందని చెబుతాయి. షావుకారు గారికి అప్పటికే అలాంటి ఫోన్‌కాల్ ఒకటి వచ్చి ఉంది.

దీని మీద నా అభిప్రాయం గట్టిదే. చూపు మందగించిన మనిషి ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకునే సెట్టింగు ముందే ఉంటుంది. చూపు లేని మనిషి దగ్గర టాక్‌బ్యాక్ ఉంటుంది. కంప్యూటర్ అయితే ఎన్‌వీడీఏ ఉంటుంది. తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ఇలాంటివాటినే స్క్రీన్‌రీడర్లు అంటారు. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఈ స్క్రీన్‌రీడర్ ఇప్పటికీ ఉచితమే. అంటే పనిముట్టు వాళ్ళ చేతిలోనే ఉంది. ఆ పనిముట్టు చదవడానికి పేజీలో ఏమీ లేకపోవడమే అసలు లోటు. మూలన బొమ్మ పెట్టినంత మాత్రాన ఐఎంజీ 2047 అనే ఫోటోలో ఏ చీర ఉందో తెలియదు. కొన్ని విడ్జెట్లు ఆ ఫోటోను చూసి ఊహించి చెబుతాయి. "ఎర్ర బట్ట" అంటాయి. అంచు మీద కుంభం అనే గోపురాల వరస ఉందో లేదో వాటికేం తెలుసు? పైగా ఒక్కోసారి టాక్‌బ్యాక్ మాట్లాడుతుంటే ఇదీ మధ్యలో దూరి, ఉన్నదాన్ని కూడా చెడగొడుతుంది. యాక్సెసిబీ అనే కంపెనీ తన విడ్జెట్ ఏ సైటునైనా ప్రమాణాలకు సరితూగేలా చేసేస్తుందని ప్రచారం చేసుకుంటే, అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మాట నిజం కాదని తేల్చి 2025లో పది లక్షల డాలర్లు కట్టమంది.

రెండో దారి, అసలు సైటును అలాగే ఉంచి పక్కన బొమ్మల్లేని సాదా సైటు ఇంకొకటి కట్టడం. ఇందులో మంచి లేకపోలేదు. సాదా పేజీ త్వరగా తెరుచుకుంటుంది. గజపతి జిల్లా కొండల్లో సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోట అది చిన్న విషయం కాదు. కానీ రెండు సైట్లకు ధరలు మార్చేది ఎవరు? కొట్లో కుర్రాడు దసరా ముందు హడావిడిలో అసలు సైటులో ధర మారుస్తాడు, రెండోది మర్చిపోతాడు. చూడలేని మనిషికి పాత ధర, అమ్ముడైపోయిన చీర మిగులుతాయి. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్ళు కూడా వేరే పేజీ పెడితే అందులోనూ అదే సమాచారం, అంతే తాజాగా ఉండాలనే షరతు పెట్టారు. మా లాంటి చిన్న కొట్లలో ఆ షరతు నెల కూడా నిలవదు. ఇంకో సంగతి నన్ను ఎక్కువగా బాధిస్తుంది. పెళ్ళి చీరలు కొనడానికొచ్చిన పెద్దమనిషిని పక్కదారిన రమ్మనడం నాకు నచ్చదు.

మూడో దారి, ఉన్న సైటునే బాగుచేయడం. షావుకారు గారికి ఇదే చెప్పాను. "ఎక్కువ ఖర్చు కదా?" అన్నారు. నిజమే, మొదటిసారి ఎక్కువే. అందుకే ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి అన్నది బాగా ఆలోచించుకోవాలి. నేను కొనే దారి నుంచి మొదలుపెట్టాను. చీర వెతకడం, చూడడం, అడ్రసు రాయడం, డబ్బు కట్టడం. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే మిగతా పేజీలు నెమ్మదిగా చేసుకోవచ్చు. "మా గురించి" పేజీ ఒక నెల ఆగితే ఎవరికీ నష్టం లేదు.

ఇందులో కష్టమనిపించేవాటిలో చాలా నిజానికి కష్టం కావు. సైటు కట్టినవాళ్ళు చాలా బటన్లు డివ్ అనే ఉత్త పెట్టెలతో చేసి, రంగు పూసి బటన్‌లా కనబడేలా చేశారు. కంటికి అది బటనే. స్క్రీన్‌రీడర్‌కు మాత్రం అక్కడ నొక్కేదేదో ఉందని తెలియదు, కీబోర్డుతో దాన్ని చేరుకోలేం. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో బటన్ అనే ట్యాగ్ ఎప్పటినుంచో ఉంది, అది పెడితే చాలు. కొన్ని చోట్ల బటన్ ట్యాగే ఉంది కానీ లోపల బుట్ట బొమ్మ తప్ప మాట లేదు. అందుకే చిన్నాన్న ఫోను "బటన్, బటన్" అని మాత్రమే చెప్పగలిగింది. "బుట్టలో వేయి" అని పేరు పెట్టాను. అడ్రసు గళ్ళలో పేరు, పిన్‌కోడ్ అనే మాటలు గడి లోపల లేత రంగులో ఉండి, టైపు చేయగానే మాయమయ్యేవి. వాటిని గడి పైకి తెచ్చి లేబుల్‌గా కట్టాను. తప్పు టైపు చేస్తే గడి ఎర్రబడేది, అంతే. రంగు గుర్తుపట్టలేనివాళ్ళకు ఆ ఎరుపు కనబడదు. ఇప్పుడు "పిన్‌కోడ్‌లో ఆరు అంకెలుండాలి" అని మాటల్లో చెబుతుంది. దాంతో కళ్ళు బాగున్నవాళ్ళకూ టెన్షన్ తగ్గింది.

రంగుల లెక్క నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే అందులో వాదన ఉండదు. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని డబ్ల్యూ3సీ వాళ్ళ డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. తెల్ల పేజీ మీద 777777 అనే బూడిద రంగు పెడితే 4.48 వస్తుంది, నిలవదు. ఒక్క మెట్టు ముదురు చేసి 767676 పెడితే 4.54, నిలుస్తుంది. మా సైటులో ధరలు తెలుపు మీద బంగారు రంగులో ఉండేవి. జరీలా ఉంటుందని పెట్టారట. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆటోలో కూర్చుని చూస్తే ఆ ధర ఎవరికీ కనబడదు. మెరూన్ రంగుకు మార్చాను.

తెలుగుకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. సైటు టెంప్లేట్లు ఇంగ్లీషు అక్షరాల కొలతతో కడతారు. మన వత్తులు కిందికి దిగుతాయి. ఎత్తు బిగించేసిన బటన్‌లో "వస్త్రం" అని రాస్తే కింద ఉన్న తకారం, రకారం తెగిపోయి ఇంకేదోలా కనబడుతుంది. బటన్ ఎత్తు బిగించకుండా వదిలి, వరసల మధ్య జాగా అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పైనే ఇస్తే వత్తులన్నీ నిండుగా కనబడతాయి. చత్వారం వచ్చినవాళ్ళు అక్షరాలు రెండింతలు చేసుకున్నా పేజీ చెదరకూడదు. ఇదీ ప్రమాణంలో ఉన్నదే.

సైటులో ధరల పట్టిక, పండగ ఆఫర్లు అన్నీ ఫోటోలుగా ఉండేవి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించి, ఫోటోగా చేసి ఎక్కించేవారు. సరిహద్దు ఊళ్ళన్నింటా ఇదే వరస. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడ చూసినా పెళ్ళి కార్డు నుంచి సంఘం నోటీసు దాకా ఫోటోనో, అను ఫాంటు పీడీఎఫో. ఫోటోలోని అక్షరాలను పేజీ అక్షరాలుగా చూడదు. అను పీడీఎఫ్‌లో కంటికి తెలుగు కనబడుతుంది కానీ లోపల దాచి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. స్క్రీన్‌రీడర్ దాన్ని చదివితే అర్థంలేని చప్పుడు వస్తుంది. ప్రతి భాష అక్షరానికీ దాని సొంత కోడ్ ఇచ్చే పద్ధతి యూనికోడ్. తెలుగు లిపి 1991లో దాని మొదటి కూర్పులోనే ఉంది. ఫోటో మేలా, యూనికోడ్‌లో కొట్టిన అక్షరం మేలా అంటే మా ప్రాంతంలో సందేహమే అక్కర్లేదు. ఎందుకో చెబుతాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పటి నుంచీ మా ఇళ్ళలో చాలామందికి తెలుగు ఇంటి భాష, ఒడియా బడి భాష. మా పిన్ని తెలుగు గడగడా మాట్లాడుతుంది, పెళ్ళిపాటలు పాడుతుంది, కానీ తెలుగు అక్షరం చదవలేదు. చూపు లేని చిన్నాన్నా, కళ్ళు బాగున్న పిన్నీ ఆ ఆఫర్ ఫోటో ముందు ఒక్కటే. అదే యూనికోడ్ అక్షరాలైతే ఫోను పైకి చదివి వినిపిస్తుంది, ఇద్దరికీ తెలుస్తుంది. కావాలంటే ఒడియాలోకీ మార్చుకోవచ్చు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011లో, ఒడియా 2020లో వచ్చాయి. వాటి అనువాదంలో తప్పులుంటాయి, అయినా ధర, కొలత, తేదీ అర్థమవుతాయి. ఫోటోకు ఇవేవీ అంత తేలిగ్గా కుదరవు. వికలాంగుల కోసం చేసే పని కొద్దిమందికేనని ఎవరైనా అంటే నేను మా పిన్నిని చూపిస్తాను.

ఇందుకు ఇంకో చిన్న పని చేయాలి. పేజీ ఏ భాషలో ఉందో లాంగ్ అనే గుర్తుతో చెప్పాలి. మా సైటు అంతా ఇంగ్లీషు అని రాసి ఉండేది. అలా ఉంటే స్క్రీన్‌రీడర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి తడబడుతుంది, లేదా దాటేస్తుంది. తెలుగు పేరాకు తెలుగు అని, ఒడియా పేరాకు ఒడియా అని విడివిడిగా గుర్తు పెడితే ఆ భాష గొంతు ఉన్న ఫోను దానికి మారుతుంది. మూడు భాషలు ఒకే పేజీలో ఉండే మా లాంటి ఊళ్ళకు ఇంత చవకైన మేలు ఇంకోటి లేదు.

చట్టం సంగతి షావుకారు గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సేవలనే కాక ప్రైవేటు సేవలనూ లెక్కలోకి తీసుకుంటుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమే అంది. ఆ కేసు వేసినవాళ్ళలో యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు ఉన్నారు. కెమెరా ముందు కళ్ళార్పమనే బ్యాంకు పరీక్ష దాటలేక కోర్టుకు వెళ్ళారు. ఆయన అంతా విని, "కోర్టు చెప్పకపోయినా చేయాల్సిందే కదా" అన్నారు.

మూలన బొమ్మ పెట్టినా తప్పు లేదు కదా అని అడిగేవాళ్ళుంటారు. సైటంతా బాగుచేసి, ఆ పైన అక్షరాల సైజు బటన్ ఒకటి మనమే పెట్టుకుంటే మంచిదే, ఫోను సెట్టింగులు తెలియని పెద్దవాళ్ళకు పనికొస్తుంది. బాగుచేయడానికి బదులుగా పెట్టడాన్నే నేను ఒప్పుకోను. డబ్బు మరీ తక్కువైతే ముప్ఫై రెండు చీరలకు బదులు పది చీరలతో చిన్న సైటు పెట్టుకోండి. ఆ పదీ అందరికీ అందేలా ఉంటే చాలు.

మా సైటులో ఇంకా మిగిలిన పని ఫోటోలకు మాటలు రాయడం. దీన్నే ఆల్ట్ టెక్స్ట్ అంటారు. మొదట నేనే రాశాను: "ఎర్ర పట్టుచీర, జరీ అంచు." చిన్నాన్నకు చదివి వినిపిస్తే, "ఇలాంటివి వందుంటాయిరా, ఇది ఏది?" అన్నారు. దాంతో షావుకారు గారి అమ్మగారి దగ్గరికి వెళ్ళాను. చిన్నప్పటి నుంచీ మగ్గం దగ్గర పెరిగిన మనిషి. ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫోటో చూపిస్తుంటే ఆవిడ చెబుతున్నారు, నేను టైపు చేస్తున్నాను. "మెరూన్ ఒళ్ళు. అంచు వెంబడి ఫోడా కుంభం, గుడి గోపురాలు వరసకట్టినట్టు ఉంటుంది. అంచు ముదురు ఆకుపచ్చ. కొంగు బరువు, పెళ్ళిపీటల మీదికి బాగుంటుంది" అని రాయమన్నారు. కొంగు బరువు సంగతి ఫోటో చూసిన నాకూ తెలియదు.

రోజుకు నాలుగు చీరలు చెప్పి, కళ్ళు లాగుతున్నాయని ఆపేస్తారు. నిన్నటికి ఇరవై అయ్యాయి. పన్నెండో చీర దగ్గర చిన్నాన్న వేలు ఆగింది. మళ్ళీ ఎడమవైపుకు తోసి అదే ఇంకోసారి విన్నారు, తర్వాత రెండుసార్లు తట్టి బుట్టలో వేసుకున్నారు.