లోతుగా చదవాలా, ఎక్కువగా చదవాలా?

ఇంగ్లిష్ బాగానే వచ్చినా రీసెర్చ్ పేపర్ చూస్తే తడబడేవాళ్ల ముందు రెండు దారులున్నాయి: మొదటిది కొద్ది పేజీలనే లోతుగా చదవడం, రెండోది ఆగకుండా ఎక్కువ పేజీలు చదవడం.

సమయం: లోతుగా అయితే రెండు పేజీలకే గంట. ఎక్కువగా అయితే రోజూ అరగంట, పది పేజీలు.

శ్రమ: లోతుగా చదివేటప్పుడు ప్రతి పేరాకూ వాదన ఏది, ఆధారం ఏదని మార్జిన్‌లో రాయాలి. ‘హవెవర్’ కనిపిస్తే ఆగండి. అసలు మాట తరచూ ఆ తర్వాతే వస్తుంది. ‘మే’ (కావచ్చు), ‘సజెస్ట్’ (సూచిస్తోంది) లాంటి మాటలు దాటేస్తే, రచయిత ఆచితూచి అన్నది రుజువైపోయినట్టు తలకెక్కుతుంది. రెండోదానికి ఈ తంటా లేదు, డిక్షనరీ కూడా పక్కన పెట్టేయొచ్చు.

రిస్క్: మొదటిదాంతో వేగం పెద్దగా పెరగదు. రెండోదాంట్లో నూటికి దాదాపు 98 పదాలు ముందే తెలియకపోతే పేజీలు తిరుగుతాయి, విషయం ఎక్కదు.

ఎవరికి: రీడింగ్ లిస్ట్ పూర్తికాక వెనకబడేవాళ్లకు రెండోది. చదివాక నాలుగు వాక్యాల్లో సారాంశం రాయలేనివాళ్లకు మొదటిదే, అదీ తమ సబ్జెక్టు పేపర్లతోనే.