కాల్ వెయిటింగ్ ఆపేశాక మా ఆర్డర్ల ఫోను

ఇంటి దగ్గర నుంచే నడిపే చిన్న క్యాటరింగ్ మాది. ముహూర్తాల రోజుల్లో ఆర్డర్ల నంబరు ఎప్పుడూ ఎంగేజే. కొన్నేళ్ళు కాల్ వెయిటింగ్‌తో నెట్టుకొచ్చి, ఆ తర్వాత లైను బిజీగా ఉంటే కాల్‌ను మరో నంబరుకు పంపే ఫార్వర్డింగ్‌కు మారాను. ఇప్పటికీ దానితోనే నడుస్తోంది.

వెయిటింగ్‌తో నాకు పడలేదు. గృహప్రవేశానికి ఎన్ని విస్తళ్ళో లెక్క చెబుతున్న పెద్దాయన మాట మధ్యలో చెవిలో బీప్. ఆయన్ని హోల్డ్‌లో పెడితే నొచ్చుకుంటారు, పెట్టకపోతే అవతలివారు "వేరొకరితో మాట్లాడుతున్నారు" అన్న ప్రకటన విని ఇంకొకరికి ఫోను చేసుకుంటారు. పాత ల్యాండ్‌లైను ఎంగేజ్ టోనే నయం, ఆశ పెట్టేది కాదు.

ఫార్వర్డింగ్‌లో ఒక మెలిక ఉంది. వెయిటింగ్ ఆన్‌లో ఉన్నంతసేపు నెట్‌వర్కు మనల్ని బిజీగా లెక్కించదు, రెండో కాల్‌నూ మన ఫోనుకే పంపుతుంది. దాన్ని మనం కట్ చేస్తేనే బిజీ అనుకుని మళ్ళిస్తుంది. ఫార్వర్డింగ్ పెట్టినా పనిచేయడం లేదని విసుక్కునేవారిలో చాలామంది సమస్య ఇదే కావచ్చు. #43# నొక్కి వెయిటింగ్ ఆపేయాలి. 4జీ ఫోన్లలో కొన్నింటికి ఆ కోడ్ చాలదు. వెయిటింగ్ నిర్ణయం ఫోనే తీసుకుంటుంది కాబట్టి కాల్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆపాలి. మళ్ళింపు నంబరునూ అక్కడే పెట్టాను.

ఇప్పుడు రెండో కాల్ మా ఆవిడ ఫోనులో మోగుతుంది, చేసినవారి నంబరూ కనిపిస్తుంది. మళ్ళిన కాల్ ఆనవాలు నా ఫోనులో ఉండదు. రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క సరిచూసుకోవాలి. తనూ మాట్లాడుతుంటే వచ్చినవారికి మళ్ళీ బిజీయే. మళ్ళిన భాగానికి ఛార్జీ పడేది మళ్ళించుకున్నవారికి, కాబట్టి మీ ప్లాన్ చూసుకోండి.

కొరియర్ వాళ్ళమనో బ్యాంకు వాళ్ళమనో చెప్పి *21* లేదా *67* తర్వాత ఏదో నంబరు నొక్కమంటే నొక్కకండి, మీ ఓటీపీ కాల్స్ వాళ్ళకు పోతాయి. ఇలాంటి మోసాల వల్లే *401# తరహా యూఎస్‌ఎస్‌డీ (ఫోనులో కోడ్ నొక్కి పెట్టుకునే) ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపేయమని టెలికాం శాఖ ఆదేశించింది. *#67# నొక్కితే బిజీ కాల్స్ ఎక్కడికి పోతున్నాయో తెలుస్తుంది, ##002# అన్ని మళ్ళింపులనూ తీసేస్తుంది.

లైను ఖాళీ కాగానే నెట్‌వర్కే ఇద్దరినీ కలిపే సదుపాయం కూడా మొబైల్ నెట్‌వర్కులు పాటించే జీఎస్‌ఎం ప్రమాణాల్లో ఉంది. మా కనెక్షన్‌లో లేదు. ఉంటే డబ్బు కట్టి మరీ తీసుకునేవాణ్ణి.